పొద్దున ఒకటి, రాత్రి ఒకటి

ఆదోనిలో తెల్లారి నాలుక్కు బస్సెక్కితే
కర్నూలు పెద్దాసుపత్రిలో చీటీ దొరుకుతాది.
కిటికీకాడ కూచున్నాడు జిలాని.
చొక్కా గుండీలు నేనే పెట్టినా.
తొమ్మిదేండ్లు వానికి.
గుండీ యాడుందో తెలుసు, కాజా యాడుందో తెలుసు,
మధ్యలో దారే వాని వేళ్లకు దొరకదు.

మాట నాలుగేండ్లకొచ్చె, అదీ సగం సగం.
వాడు "లే" అంటే లేదని కాదు,
నీళ్లని.

మా అత్త గ్రహణమనె.
ఆ పొద్దు నేను కత్తిపీట ముట్టినానంట.
తల్లికి మూర్ఛ ఉంటే బిడ్డకు బుద్ధి యాడనుంచొస్తాదని
వీధి అనె.
నా పిడికిట్లో ఇనుప తాళంచెవి కుక్కి
ముక్కుకాడ ఉల్లిగడ్డ పెట్టిన వీధే.

ఈసారి కొత్త డాక్టరమ్మ. చిన్నపిల్ల.
"వీడు కడుపులో ఉన్నప్పుడు
ఏం మందు వాడినావమ్మా?" అనె.

తొమ్మిదేండ్లలో ఆ మాట ఎవరూ అడగలే.
చెవుల్లోకి లైటేసినారు, నాలుక చాపమన్నారు,
బొమ్మల అట్ట చూపించి పిల్లి యాడుందన్నారు.
నా సంచిలోకి మాత్రం చూల్లే.

పరుపుగుడ్డ మిగిలితే దస్తగిరి కుట్టిచ్చిన చారల సంచి.
పాత చీటీలు, స్కానింగు కాయితాలు, అడుగున
గులాబిరంగు మాత్రల అట్ట ఒకటి, ఖాళీది.
ఎందుకు దాచుకున్నానో నాకే తెల్దు.

ఐదో నెల్లో మానుకున్నా నాలుగు దినాలు,
బిడ్డకు వేడి చేస్తాదని ఎవరో అంటే.
ఐదో దినం పొయ్యికాడ పడినా.
ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు.
మా ఆయన దూది చేతుల్తోనే వచ్చి
నా నోరు తుడిచి మళ్లీ మాత్ర మొదలుపెట్టించె.
ఆ రాత్రి బిడ్డ కదిలితే
ఇద్దరమూ నవ్వినాము.

డాక్టరమ్మ వేళ్లమీద నెలలు లెక్కేసె.
జిలాని పైపెదవినీ ముక్కుదూలాన్నీ
తెలిసినోళ్ల చేతిరాతను చూసినట్టు చూసె.
"నీకెవరూ చెప్పలేదా?"

"ఫిట్స్ ఆగినాయా అని అడిగినారు మేడం.
ఆగినాయని చెప్పినా."
నెలనెలా మా మాటలు అంతే గద.

ఆమె పెన్నుకు మూత పెట్టె,
తీసె,
మళ్లీ పెట్టె.

కోపం ఎవరిమీద పెట్టుకోవాల్నో
ఎమ్మిగనూరు దాటేదాకా వెతికినా.
మాత్రమీద పెడదామంటే
అది లేకుంటే నేను లేను, నేను లేకుంటే వాడు లేడు.
నామీదంటే అది పాత చోటే,
కూచుని కూచుని గుంతపడింది.
జిలాని నా ఒళ్లో తలపెట్టి నిద్రపోయినాడు,
బస్సంతా మిరపకాయల ఘాటు.

పక్కింటి షాహీదాకు వచ్చే నెల నికా.
ఆ పిల్లదీ అదే రంగు మాత్ర, బియ్యం డబ్బాలో దాపుడు.
చీకటిపడినాక పోయినా.
"మానొద్దు తల్లీ, ఒక్కపూట గూడా మానొద్దు.
కర్నూలు పోదాం రా,
డాక్టరమ్మను అడిగి మార్పించుకో.
కడుపు పండకముందే మార్పించుకో."
వాళ్లమ్మ తలుపు మూసె.
"మెల్లగ, ఖాసీంబీ, మగపిల్లోళ్లకు తెలుస్తాది."
"మెల్లగ మెల్లగనే గద
ఇంతదూరం వచ్చినాము" అన్నా.
వస్తారో రారో. సోమవారం బస్సు టైము చెప్పొచ్చినా.

ఇంటికొస్తే గోడకున్న వాళ్ల తాత దూదేకే విల్లును
వేలితో లాగి చెవి పెడుతున్నాడు వాడు.
డుంయ్.
ఆగిందాకా విని మళ్లీ లాగుతాడు.
పలకమీద ఏ అక్షరమూ వాన్ని ఇంతసేపు నిలబెట్టలే.

రాత్రి తొమ్మిదైతే నా మాత్రల డబ్బా తెచ్చేది వాడే.
గడియారం తెల్దు, చీకటి తెలుసు.
గుండీకి దారి దొరకని ఆ వేళ్లు
వెండికాయితం ఒక్క నొక్కు నొక్కి
మాత్రను నా అరచేతిలో పడేస్తాయి.
మింగినాక నోరు తెరవమని గడ్డం పట్టుకుంటాడు,
నాలుక కింద దాచినానేమోనని
వంగి వంగి చూస్తాడు.

చెంబు ముందుకు తోసి
"లే" అంటాడు.